మైసమ్మ రాయిని కదిపిందెవరు?



వేసవి సెలవులు. ఇంటి నిండా పిల్లలు. అష్టాచెమ్మా అయింది, క్యారమ్స్ అయింది, ఫోన్లు గుంజుకోవడం కూడా అయింది. ఇంకేం ఆడిద్దాం అని తల పట్టుకున్నవాళ్ళ కోసం ఈ ప్రసంగం. నేను చెప్పబోయే ఆటకు మైదానం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. చాప పరిచి, తలా ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి, మధ్యలో రెండు పాచికలు పెడితే చాలు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు దీన్ని. హైదరాబాదులో ఆడే కుర్రకారు ఆర్‌పీజీ అని పొట్టిగా పిలుచుకుంటారు.

ఆట ఇట్లా ఉంటుంది. ఒకరు కథకుడు. మిగిలినవాళ్ళంతా తలా ఒక పాత్ర. "కోట దర్వాజ ముందు నిలబడ్డరు. లోపల ఎవరో గురక పెడుతున్న చప్పుడు. ఏం చేస్తరు?" అని కథకుడు అడుగుతాడు. ఒకడు దివిటీ ముట్టిస్తానంటాడు, ఒకతి గోడ ఎక్కుతానంటుంది. ఎక్కగలదా, జారి పడుతుందా అన్న అనుమానం వచ్చినచోట పాచికలు పడతాయి. గెలుపోటములు లేవు, కథ ముందుకు పోవడమే ఆట. ఒగ్గు కథ చూసినవాళ్ళకు ఇది అంత కొత్తగా తోచదు. కథకుడు ఒక వరుస చెప్పి పక్కవాడి మొహం చూస్తాడు, పక్కవాడు అడ్డంగా ఒక ప్రశ్న వేస్తాడు, కథ కాస్త పక్కకు జరుగుతుంది. ఈ ఆటలో ఆ పక్కవాడికి హక్కులు ఇంకా ఎక్కువ. ఆ కథలోని బీరప్పను కొండకు పంపాలనుకుంటే పంపొచ్చు, పంపకుండా ఆపనూ వచ్చు.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ పేరుతో ఇట్లాంటి ఆటను మొదటిసారి అచ్చువేశారు. ఆ తర్వాత ఇలాంటి ఆటలు వందల్లో పుట్టాయి. నేను చెప్పేది రాక్షసుల వేట కథల గురించి. అట్లాంటి కథ ఆడాలనుకునేవాళ్ళకు వచ్చే మొదటి చిక్కు ఇదే. ఇన్నిట్లో ఏ ఆట రూల్సు పుస్తకం తెచ్చుకోవాలి?

చాలామంది బొమ్మలు చూసి కొంటారు. నేను రూల్సు చూడమంటాను. రాత్రి మూడు గంటల సేపు మీ పిల్లలు ఏం మాట్లాడుకుంటారో ఆ రూల్సే తేలుస్తాయి. పుస్తకంలో సగం పేజీలు కత్తిదెబ్బల లెక్కలైతే పిల్లలు కనిపించిన ప్రతిదాని మీదా కత్తి దూస్తారు. పుస్తకం ఆరా తీయడం మీద నడిస్తే ఆరా తీస్తారు. అందుకని ముందుగా తేల్చుకోవాల్సింది, మన కథల్లో రాక్షసుడు ఎట్లా చస్తాడు అని.

మన దగ్గర వాడు ఉత్త బలం చాలక చావడు. హిరణ్యకశిపుడిని తీసుకోండి. పగలు కాదు రాత్రి కాదు, ఇంట్లో కాదు బయట కాదు, మనిషి చేత కాదు మృగం చేత కాదు అని వరం అడిగాడు. వకీలు రాసిన దస్తావేజు లాంటి ఆ వరంలో సందు వెతకడమే నరసింహావతారం. బాలనాగమ్మ కథ మన ఊళ్ళలో భాగోతంగా, బుర్రకథగా, తోలుబొమ్మలాటగా తిరిగింది. బాలనాగమ్మను ఎత్తుకుపోయిన మాయల మరాఠీ ప్రాణం వాడి ఒంట్లో లేదు, ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది. ఆ సంగతి తెలియనంత కాలం రాజ్యాలు కదిలివచ్చినా రాళ్ళయిపోయాయి. తెలిసినాక బాలనాగమ్మ కొడుకు, చిన్న పిల్లవాడు బాలవర్ధి చాలాడు. 1951లో వచ్చిన పాతాళభైరవి సినిమాలో నేపాళ మాంత్రికుడి శక్తి గడ్డంలో ఉంది, ఆ గడ్డం తీయించేదాకా కథ తెమలదు. ఒక్క మాటలో చెప్పాలంటే మన రాక్షస వేటలో పెద్దభాగం వాకబు. కత్తి చివరి పావుగంటలో వస్తుంది.

ఈ పద్ధతి ప్రకారమే నడిచే ఆట ఒకటుంది. పేరు మాన్‌స్టర్ ఆఫ్ ది వీక్. రాసింది న్యూజిలాండ్‌కు చెందిన మైకేల్ శాండ్స్. దాని సవరించిన కూర్పును ఈవిల్ హ్యాట్ అనే సంస్థ 2015లో వేసింది. అమెరికా టీవీ సీరియళ్ళలో వారానికొక భూతాన్ని పట్టుకునే కథలను మనసులో పెట్టుకుని రాసిన ఆట. అయినా దాని గుండెకాయ మాత్రం బాలనాగమ్మ కథే. ప్రతి భూతానికీ ఒక బలహీనత ఉండి తీరాలని రూలు. ఆ బలహీనత కనిపెట్టకుండా ఎంత కొట్టినా అది పూర్తిగా చావదు, మళ్ళీ లేస్తుంది.

పాచికల లెక్క కూడా తేలిక. లూడో డబ్బాలోని రెండు పాచికలే సరిపోతాయి. రెండూ వేసి కలిపి, మీ పాత్రకున్న గుణం అంకె కలుపుతారు. పది, ఆపైన వస్తే అనుకున్నది జరిగింది. ఏడు నుంచి తొమ్మిది దాకా వస్తే జరిగింది గాని ఒక మెలిక పడింది. ఆరు, ఆలోపు వస్తే బెడిసికొట్టింది, కథకుడు ఎదురు ఎత్తు వేస్తాడు. గుణం అంకె ఒకటి ఉన్నవాడికి నూట్లో 28 సార్లు పూర్తి విజయం, 28 సార్లు బెడిసికొట్టడం, మిగిలిన 44 సార్లు మెలికతో పని జరగడం. మెలికల్లోనే కథంతా పుడుతుంది. ఇంకో సుగుణం ఏమిటంటే, పందెం బెడిసికొట్టినప్పుడల్లా ఆ పాత్రకు ఒక అనుభవం గుర్తు పడుతుంది. ఓడిన పిల్లవాడు మూతి ముడుచుకోడు. పాచికల బదులు గవ్వలు వేయొచ్చు కదా అంటారేమో, ఆ లెక్క కుదరదు. నాలుగు గవ్వలు వేస్తే రెండు తెరుచుకుని రెండు మూసుకోవడమే తరచు, అష్ట పడటం అరుదు. ఈ రూల్సు ఆ లెక్కకు కట్టినవి కావు.

ఆట ఎట్లా నడుస్తుందో కాస్త దగ్గరగా చూపిస్తాను. మునుగోడు దిక్కు ఒక ఊరు అనుకోండి. ఊరి పేరు మీరే పెట్టుకోండి. మిషన్ కాకతీయ కింద చెరువులో పూడిక తీశారు. ఆ పనులైన నెల నుంచీ రాత్రిపూట తూము దగ్గర కట్టేసిన బర్రెలు తెల్లారేసరికి కనిపించడం లేదు. బురదలో ఈడ్చిన జాడ తూము దాకా వచ్చి ఆగిపోతున్నది. పాత్రలు ముగ్గురు. పుస్తకంలో నిపుణుడు, మామూలు మనిషి, మంత్రగాడు ఇట్లా రకరకాల అచ్చులుంటాయి. మనం వాటిని మన ఊరి మనుషులుగా మార్చుకోవాలి. ఒకరు ఊళ్ళు తిరిగే ఏఎన్ఎం సుజాతక్క. ఒకరు బోరు బండి డ్రైవరు యాదగిరి. ఇంకొకరు శివసత్తు గారి మనవరాలు, డిగ్రీ చదివే లక్ష్మి, ఆమెకు అప్పుడప్పుడు ఎవరికీ వినపడనిది వినపడుతుంది.

సుజాతక్క పాత్ర ఆడే అమ్మాయి కట్ట మీద ఆరా తీస్తానంటుంది. పాచికలు మూడు, మూడు. ఆమె చురుకుదనం రెండు. మొత్తం ఎనిమిది. ఎనిమిదికి ఒక్క ప్రశ్న అడగొచ్చు. ఇక్కడ ఏం జరిగింది, ఇది ఎట్లాంటి ప్రాణి, దేనితో దెబ్బతింటుంది, ఏది దాచిపెట్టారు, ఇట్లాంటివి పుస్తకంలో ఏడు ప్రశ్నలున్నాయి, వాటిలోంచి ఎంచుకోవాలి. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "ఏది దాచిపెట్టిన్రు?" అంటుంది.

కథకుడు చెప్తాడు. "కట్ట మీద యాప చెట్టు కింద పసుపు మరకలున్నయి, కుంకుమ ఉన్నది, పగిలిన కల్లు ముంత ఉన్నది. మైసమ్మ రాయి మాత్రం లేదు. అక్కడ జేసీబీ చక్రం అచ్చు ఉన్నది."

"రాయి ఎవరు కదిలిచ్చిన్రు?"

"ఒక్క ప్రశ్నే అక్కా. ఇంకోటి అడగాలంటే ఇంకోసారి ఆరా తియ్యాలె."

యాదగిరి కాంట్రాక్టరు దగ్గరికి పోయి, బోరు వేసేటప్పటి పాత పరిచయం మీద మాట రాబట్టాలని చూస్తాడు. పాచికలు రెండు, ఒకటి. బెడిసికొట్టింది. కాంట్రాక్టరు నోరు మెదపడు సరికదా, ఆ రాత్రి యాదగిరి బోరు బండి కిందే తడి జాడ కనిపిస్తుంది. చివరికి తేలేదేమిటంటే, రాయిని యంత్రంతో తోసేసిన డ్రైవరు భయపడి ఊరు వదిలి కల్వకుర్తిలో చుట్టాలింట్లో దాక్కున్నాడు. రాయిని కదిపినవాడే చేతులతో మోసుకొచ్చి పాత చోట నిలబెట్టి సాక పోస్తే తప్ప తూములో ఉన్నది వెనక్కిపోదు. ఇదీ ఈ భూతం బలహీనత. భూతాన్ని వెతకబోయినవాళ్ళు ఒక భయపడ్డ మనిషిని వెతుక్కుంటూ బస్సెక్కాల్సి వస్తుంది. వాడికి నచ్చజెప్పడమే ఆటలో అన్నిటికంటే కష్టమైన పందెం.

ఈ ఆటలో నాకు బాగా నచ్చిన ఇంకో ఏర్పాటు కాలం లెక్క. వేటగాళ్ళు ఏమీ చేయకుండా కూర్చుంటే ఏమవుతుందో కథకుడు ముందే ఆరు మెట్లుగా రాసుకోవాలి. పుస్తకంలో ఆ మెట్లకు పగటి నుంచి నడిరాత్రి దాకా పేర్లు పెట్టారు. మనం తెల్లారగట్ల, ఎండ పొద్దు, పొద్దుగూకే యాళ్ళ, దీపాలు పెట్టేయాళ్ళ, ఇట్లా పెట్టుకుంటూ పోవచ్చు. మొదటి మెట్టుకు బర్రె, మూడో మెట్టుకు మేకల కాపరి, ఆరో మెట్టుకు కట్ట తెగి ఊరి మీద నీళ్ళు. ఇది రాసి పెట్టుకుంటే కథకుడు తడుముకోడు, పిల్లలు పక్కదారి పట్టినా భూతం తన పని తాను చేసుకుపోతుంది.

ఇక పెద్దపేరున్న డంజియన్స్ అండ్ డ్రాగన్స్. చెడ్డ ఆట అనను. కోటలు, సొరంగాలు, గోడల మీద పోరాటాలు కావాలంటే దాన్ని మించింది లేదు. రాచకొండ, దేవరకొండ పక్కనే పెట్టుకున్నవాళ్ళం మనం. పద్నాలుగో శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు ఏలిన కోటలవి, రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు, గుట్టల మధ్య దర్వాజలు. గళ్ళ కాగితం మీద ఆ గుట్టల నక్షా గీసి పిల్లలను లోపలికి పంపితే నెల రోజులు బయటికి రారు. ఐదో కూర్పు మూల నియమాలను 2023 జనవరిలో అందరూ వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు కాబట్టి ఖరీదైన పుస్తకాలు కొనకుండానే మొదలుపెట్టొచ్చు. నాలుగు ముఖాల నుంచి ఇరవై ముఖాల దాకా రకరకాల పాచికలు మాత్రం కావాలి. ఇరవై ముఖాల పాచికలో ఒకటి పడే అవకాశమూ ఇరవై పడే అవకాశమూ సమానమే, నూటికి ఐదు. అందుకే ఆ ఆటలో మహావీరుడు కూడా ఒక్కోసారి గడప తట్టుకుని పడుతుంటాడు.

అందులో మన రాక్షసుడు కూడా ఉన్నాడు, రాక్షస అనే పేరుతోనే. పులి తల, పట్టుబట్టలు, అరచేతులు తిరగేసి ఉంటాయి. మన దయ్యానికి తిరగేసి ఉండేది పాదాలు కదా, చేతులెట్లా వచ్చాయో! ఆ రాక్షసుడు మన పురాణాల నుంచి నేరుగా అక్కడికి పోలేదు. 1974లో అమెరికాలో కోల్చాక్ అనే విలేకరి పాత్రతో ఒక టీవీ సీరియల్ వచ్చింది. ఒక భాగంలో రాక్షసుడిని మంత్రించిన బాణంతో చంపుతారు. మరుసటి ఏడే రాక్షసుడు ఆటలోకి వచ్చాడు, 1977 నాటి భూతాల పుస్తకంలోనూ మంత్రించిన బాణమే వాడి ప్రాణం తీస్తుంది. రావణుడు, బకాసురుడు, ఘటోత్కచుడు పుట్టిన జాతికి ఒక టీవీ భాగం చావు రాసిపెట్టిందన్నమాట. మీరు ఆడేటప్పుడు ఆ పేజీ పక్కన పెట్టేసి, మీ నాయనమ్మ చెప్పిన రాక్షసుడిని రాసుకోండి.

కాల్ ఆఫ్ కథుల్హూ అని 1981 నుంచి నడుస్తున్న ఆట ఇంకొకటి. అది కూడా ఆరా మీదే నడుస్తుంది, కానీ చూసినకొద్దీ పాత్రకు మతి చలిస్తుంది, చివరికి పిచ్చెక్కడమో చావడమో. పెద్దవాళ్ళకు సరే, సెలవుల్లో పిల్లలతో ఆడటానికి నేను చెప్పను.

పెద్దవాళ్ళు, అందులోనూ ఊరి ముచ్చట్లు ఇష్టపడేవాళ్ళు కూర్చుంటే మాత్రం వేసెన్ అనే స్వీడన్ ఆట చూడాలి. ఫ్రీ లీగ్ సంస్థ 2020లో ఇంగ్లీషులో తెచ్చింది. యోహాన్ ఎగర్‌క్రాన్స్ అనే చిత్రకారుడు తమ దేశపు జానపద భూతాల మీద వేసిన బొమ్మల పుస్తకం దీనికి ఆధారం. పందొమ్మిదో శతాబ్దం. ఫ్యాక్టరీలు వస్తున్నాయి, జనం పట్నాలకు పోతున్నారు, అడవిలో, కొట్టంలో, మిల్లులో మనుషుల పక్కనే బతికిన కనపడని ప్రాణులకు పెట్టాల్సింది పెట్టడం మరిచిపోయారు. అవి తిరగబడ్డాయి. పాత్రలకు ప్రాణం పాయింట్లు లేవు. అలసిపోవడం, కోపం రావడం, భయపడటం, ఆశ వదులుకోవడం ఇట్లాంటి స్థితులే ఉంటాయి. తుపాకీతో చాలా ప్రాణులు పోవు, వాటి అలక ఎక్కడుందో కనుక్కుని తీర్చాలి. పోచమ్మకు బోనం ఆపేస్తే ఊళ్ళో అమ్మవారు పోసిందని చెప్పుకునే మనకు ఈ ఆట రూల్సు ఎవరూ నేర్పక్కర్లేదు. స్వీడన్ పేర్లు తీసేసి ఈదమ్మను, కట్ట మైసమ్మను, బొడ్రాయిని పెట్టుకుంటే చాలు.

నల్లమల కథ ఆడాలనుకునేవాళ్ళకూ ఇదే మంచిది. మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. అందులో గారెల మైసమ్మ ప్రసక్తి వస్తుంది. అడవికీ వేటకూ తల్లి ఆమె. వేట దొరికితే ముందు ఆమెకు ఒక ముక్క తీసి పెట్టాలి. ఇప్పుడా అడవి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడి కథలో పులిని రాక్షసుడిని చేయకండి, ఆ కొండల్లో అది ఇంటి మనిషి లెక్క. ముక్క తీసిపెట్టకుండా మాంసం మూటగట్టుకుపోయిన బయటివాడిని రాక్షసుడిని చేయండి. అట్లాగే చెంచును మంత్రాలు వేసే మనిషిగా చూపించే అలవాటు సినిమాల నుంచి తెచ్చుకోవద్దు. అటవీ శాఖ బేస్ క్యాంపులో పనిచేసే చెంచు వాచర్‌ను నాయకుడిగా పెట్టండి, దారి తెలిసింది అతనికే.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. ఏ ఆట ఎంచుకున్నా బాణామతి చేసే ముసలమ్మ అనే పాత్రను భూతంగా పెట్టొద్దు. పాలమూరు, మెదక్ వైపు బాణామతి, చేతబడి అనుమానంతో మనుషులను చెట్టుకు కట్టేసి కొట్టారు, పళ్ళు రాలగొట్టారు, చంపారు. చాలాసార్లు ఆ మనుషులు దిక్కులేని ఆడవాళ్ళు, పేదవాళ్ళు. జ్వరానికీ, కాన్పులో చావుకూ కారణం వాళ్ళమీద మోపారు. ఆటలో ఊరు ఒక ముసలమ్మ మీద వేలు చూపిస్తే, వేటగాళ్ళ పని ఆమెను కాపాడటం, అసలు కారణం బయటపెట్టడం. అట్లా ఆడితే మంచి కథ అవుతుంది కూడా. ఇట్లాంటి ఇబ్బందులకు జాన్ స్టావ్రోపోలోస్ అనే ఆయన ఒక చిన్న ఉపాయం చెప్పాడు. ఎక్స్ అని రాసిన కార్డు ఒకటి మధ్యలో పెడతారు. ఎవరికైనా కథలో ఒక సంగతి సహించకపోతే కార్డు ముట్టుకుంటారు, ఎందుకని అడగకుండా ఆ సంగతి తీసేస్తారు. ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయి ఉంటే ఈ కార్డు విలువ తెలుస్తుంది.

కథలకు చోట్లు వెతుక్కోవాల్సిన పనే లేదు. నల్లగొండ అంచున పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలని స్తంభం నీడ. సూర్యుడు తిరుగుతుంటే నీడ ఎందుకు తిరగదు? అది ఏ ఒక్క స్తంభం నీడా కాదు. మంటపంలోని స్తంభాల సందుల నుంచి చీలి వచ్చే వెలుతురు ఆ గోడ మీద కలిసి అట్లా కనిపిస్తుంది. దయ్యమే అనుకుని వచ్చిన వేటగాళ్ళు ఒక్కో స్తంభం ముందు మనిషిని నిలబెట్టి పరీక్షించి చూస్తే తేలిపోతుంది. అసలు భూతం ఇంకెక్కడో ఉందని అప్పుడు తెలుస్తుంది.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఇంకా బాగుంటుంది. ఏడు వందల ఏళ్ళదని చెప్పుకునే మర్రి, మూడెకరాల మేర ఊడలు. 2018లో ఆ చెట్టును చెదలు తినేస్తుంటే సెలైన్ బాటిళ్ళు వేలాడదీసి, చెదల మందు కలిపిన నీళ్ళు చుక్క చుక్కగా మానులోకి ఎక్కించారు. ఆస్పత్రిలో రోగికి ఎక్కించినట్టే! చెట్టును లోపలి నుంచి తింటున్నది చెదలు కాకుండా ఇంకేదైనా అయితే అన్న ఒక్క ప్రశ్నతో మీ మొదటి కథ మొదలుపెట్టొచ్చు.

చివరగా పనికొచ్చే రెండు ముక్కలు. మొదటిసారి ముగ్గురో నలుగురో చాలు, ఆరుగురైతే వరస వచ్చేసరికి పిల్లలు నిద్రపోతారు. పుస్తకం మొత్తం చదివి మొదలుపెడదామనుకోకండి, పాత్రల కాగితం, పాచికల రూలు ఉంటే సరిపోతుంది, మిగతావి ఆడుతూ చూసుకోవచ్చు. కథకుడిగా కూర్చునేవాళ్ళు మాత్రం భూతం ఎంత పొడుగు, ఎన్ని కోరలు అని రాసుకునే ముందు మూడు సంగతులు రాసుకోవాలి. అది ఎవరిమీద అలిగింది, దాని ప్రాణం ఎక్కడుంది, ఊళ్ళో ఆ సంగతి తెలిసి కూడా చెప్పని మనిషి ఎవరు. ఈ మూడూ ఖాళీగా ఉంచి ఆటకు కూర్చుంటే పిల్లలు పది నిమిషాల్లో పట్టేస్తారు.